శరీర బరువు, గొంతు కేన్సర్

గళంలోనూ స్వరపేటికలోనూ పుట్టే కేన్సర్లను వాడుకలో గొంతు కేన్సర్ అంటారు. ముద్ద దిగక, మనిషి చిక్కిపోయాక ఆసుపత్రికి వెళ్లడం మన దేశంలో మామూలే. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా మనిషికైతే ఆ దారి మూసీ నది దాటి రెడ్‌హిల్స్‌కు, 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆసుపత్రికి. అక్కడికి చేరేసరికి రోగి ఎముకలు తేలి ఉంటాడు. అందుకే సన్నగా ఉన్నవాళ్లకే ఈ జబ్బు వస్తుందన్న భావన చాలాకాలం నిలిచింది.

బరువును ఎత్తుతో కలిపి చూసే లెక్కను బెల్జియం గణితవేత్త కెట్లే 1832లో చెప్పాడు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. 160 సెంటీమీటర్ల మనిషి 47 కిలోలుంటే ఆ సూచిక 18.5కు కాస్త తక్కువ, అంటే తక్కువ బరువు. ఆసియా వాసులకు 23 నుంచే, అంటే అదే ఎత్తుకు 59 కిలోల నుంచే, అధిక బరువుతో వచ్చే ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు.

గొంతు కేన్సర్ కూడా చేరే తల, మెడ కేన్సర్ల రోగులను ఆరోగ్యవంతులతో పోల్చిన 17 అధ్యయనాలను 2010లో కలిపి చూస్తే, బక్కపలచనివాళ్లలో ముప్పు దాదాపు రెండింతలుగా, స్థూలకాయుల్లో తక్కువగా కనిపించింది. అయితే లావు గొంతును కాపాడుతుందనుకుంటే పొరపాటు. ఈ కేన్సర్ తెచ్చే పొగాకే ఆకలినీ చంపుతుంది. మద్యం అన్నం స్థానాన్ని ఆక్రమిస్తుంది. కేన్సర్ కూడా, బయటపడకముందే, ఒంటిని కరిగిస్తుంది. 2015లో 19 లక్షలకు పైగా మందిని ఏళ్ల తరబడి గమనించిన 20 అధ్యయనాలను కలిపి చూశాక అసలు తేడా తెలిసింది: పొగతాగేవాళ్లలో బరువు పెరిగేకొద్దీ ముప్పు తగ్గినట్టు కనబడింది, ఎన్నడూ పొగతాగనివాళ్లలో పెరిగింది. నడుము చుట్టుకొలతతోనూ ముప్పు పెరిగింది. నోరు, గళం, స్వరపేటిక కేన్సర్లకు అధిక కొవ్వు బహుశా కారణమేనని ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి 2018లో తేల్చింది.

గొంతు కింద అన్నవాహికలో వచ్చే అడెనోకార్సినోమా రకం కేన్సర్ విషయంలో మాత్రం సందేహం లేదు. ఊబకాయంతో ముడిపడిన 13 కేన్సర్లలో దాన్ని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో చేర్చింది. పొట్ట కొవ్వు ఒత్తిడికి ఆమ్లం పైకి ఎగదన్నడం అందుకు ఒక కారణం.

పాతబస్తీలో బరువుకన్నా ముందు చూడాల్సింది బీడీ, జర్దా, గుట్కాలనే. గుట్కాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 జనవరిలో నిషేధించారు. జబ్బు వచ్చాక బరువు లెక్క తిరగబడుతుంది. రేడియేషన్‌తో గొంతు పుండై మింగలేని రోజుల్లో, అవసరమైతే ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చి, రోగి ఒక్క కిలో కూడా తగ్గకుండా చూడటానికే వైద్యులు పాటుపడతారు.