అప్‌లోడ్ కోడ్‌లో ఆర్గ్యుమెంట్ల ప్రక్షాళన

హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి చిత్తూరు జిల్లా కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని చేపట్టి, గ్రామ మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు అందించింది. అటువంటి ఫోటో ఫైలునైనా, మరే ఫైలునైనా బ్రౌజర్ నుంచి సర్వర్‌కు చేర్చే అప్‌లోడ్ పద్ధతి అంతకు కొన్నేళ్ల ముందు, 1995 నవంబరులో, జిరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంతో రూపుదిద్దుకుంది. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మీసేవ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పథకం మొదలై, పల్లెల దరఖాస్తులు కంప్యూటర్ల ద్వారా సాగడం అలవాటయ్యాక, అప్‌లోడ్ కోడ్ మంచిచెడ్డలు ఆ జిల్లాలోని నిమ్మనపల్లె మండల ప్రజలకు సైతం సొంత విషయమయ్యాయి.

ఒక పనిని చేసిపెట్టే కోడ్ భాగాన్ని ఫంక్షన్ అనీ, ఆ పని కోసం దానికి అందించే విలువలను ఆర్గ్యుమెంట్లనీ అంటారు. వెబ్‌సైట్లలో విస్తారంగా వాడే పీహెచ్‌పీ భాష తొలి రూపాల్లో, అప్‌లోడైన ఫైలు తాత్కాలిక స్థానం, అసలు పేరు, పరిమాణం, రకం నాలుగు విడి చరరాశులుగా దక్కేవి. వాటిని ఫంక్షన్‌కు వరసగా ఇచ్చి, గమ్యస్థానం, గరిష్ఠ పరిమాణం, పాత ఫైలును చెరిపివేయవచ్చా లేదా అన్న సూచన వంటి వాటిని అవసరం వచ్చినప్పుడల్లా చివర తగిలిస్తూ పోతే జాబితా పెరిగేది. పేరు, రకం రెండూ పాఠ్య రూప విలువలే కనుక, వాటి వరస తారుమారైనా భాష అభ్యంతరం చెప్పదు. అంతకన్నా ప్రమాదకరమైన దోషం మరొకటి ఉండేది: అవే చరరాశుల పేర్లతో బయటి నుంచి విలువలు పంపి, సర్వర్‌లోని వేరొక ఫైలునే అప్‌లోడైన ఫైలుగా నమ్మించే వీలుండేది.

2000లో వచ్చిన పీహెచ్‌పీ 4.0.3 రూపం, ఫైలు నిజంగా అప్‌లోడ్ ద్వారానే వచ్చిందో లేదో పరీక్షించి తరలించే ఫంక్షన్‌ను చేర్చింది. 2001 డిసెంబరు నాటి 4.1.0 అప్‌లోడైన ఫైలు వివరాలన్నిటినీ కోడ్‌లో ఎక్కడైనా అందే ఒకే పట్టికలో ఉంచింది. పీహెచ్‌పీ కోడ్ కోసం 2015లో ఆమోదం పొందిన పీఎస్‌ఆర్-7 ప్రమాణం అప్‌లోడైన ఫైలును, తనను తాను తరలించుకోగల ఒక ఆబ్జెక్టుగా నిర్వచించింది. 2020లో 8.0 రూపం ఆర్గ్యుమెంట్లను పేరుతో ఇచ్చే సౌకర్యాన్ని తెచ్చినా, అది చదవడాన్ని సులభం చేసిందే తప్ప పొడవైన జాబితాను కుదించలేదు.

జాబితాను కుదించాలంటే అనవసరమైన ఆర్గ్యుమెంట్లను తీసివేయాలి; జిల్లా పేరు అందుకు ఒక ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న నిమ్మనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం అప్పట్లో చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. పత్రాలు దాచే ఫంక్షన్‌కు జిల్లా పేరును ప్రతిచోటా ఆర్గ్యుమెంటుగా రాసిన కోడ్ ఏదైనా, అటువంటి మార్పు వచ్చినప్పుడు ఆ చోట్లన్నిటినీ వెతికి దిద్దుకోవలసి వస్తుంది. మండలం నుంచి జిల్లాను ఒకేచోట తేల్చుకునే కోడ్‌కు ఒక్క దిద్దుబాటుతో సరిపోతుంది. ప్రజల పత్రాలను మోసే కోడ్‌కు ఈ రెండో పద్ధతే తగినది.