ఒకటే బూడిద రంగు, లోపల వేరే వేరే ఇంజన్లు: ఫెర్గూసన్ ట్రాక్టర్ కథ

ఈ ఎపిసోడ్‌ని నా తప్పుతోనే మొదలుపెడతాను.

నేను ఉండేది ఇంగ్లాండ్‌లో, కవెంట్రీలో. మా పక్కింటి పెద్దాయన షెడ్డులో వాళ్ళ నాన్న దున్నిన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్ ఉంది. పిస్టన్లు పాడైపోయి ఏళ్ళ తరబడి కదల్లేదు. "నేను తెప్పిస్తానండీ" అని గొప్పగా చెప్పి, ఆన్‌లైన్‌లో పేరు కొట్టి ఆర్డర్ పెట్టేశాను. వచ్చాయి. కానీ లైనర్‌లోకి దిగవే! పిస్టన్లేమో 85 మిల్లీమీటర్లవి, మా ఇంజన్ బోర్ 80.

పేరు ఒకటే, ట్రాక్టర్ ఒకటే. మరి ఆ 5 మిల్లీమీటర్ల తేడా ఎక్కడిది? అక్కడే ఉంది అసలు చరిత్ర.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో విమానాల ఇంజన్లు చేసేవాళ్ళు. యుద్ధం అయ్యాక అది ఖాళీ. ఐర్లాండ్ నుంచి వచ్చిన హ్యారీ ఫెర్గూసన్, స్టాండర్డ్ మోటార్ కంపెనీతో కలిసి 1946లో అక్కడ టీఈ20 మొదలుపెట్టాడు. 1956 దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. మన ఊళ్ళో డ్రైవర్ లివర్ కదిపితే వెనక కల్టివేటర్ పైకి లేస్తుంది కదా, ఆ హైడ్రాలిక్ త్రీ పాయింట్ లింకేజీని పొలాల్లోకి తెచ్చింది ఈయనే.

మొదట్లో స్టాండర్డ్ వాళ్ళ సొంత ఇంజన్ రెడీ కాలేదు. అందుకని అమెరికా నుంచి కాంటినెంటల్ ఇంజన్ తెచ్చి పెట్టారు. దాని బోర్ దాదాపు 81. తర్వాత సొంత పెట్రోల్ ఇంజన్ వచ్చింది, బోర్ 80. 1951లో దాన్నే 85కి పెంచారు. కిరసనాయిలు లాంటి ఇంధనంతో నడిచేది ఒకటి, డీజిల్‌ది ఇంకొకటి. పైన మాత్రం అన్నిటికీ అదే బూడిద రంగు!

అప్పుడు పెద్దాయన నాకు వరస నేర్పించారు. ముందు డ్యాష్ మీద ప్లేట్ చూడాలి. టీఈఏ అంటే స్టాండర్డ్ పెట్రోల్, టీఈడీ అంటే కిరసనాయిలు రకం, టీఈఎఫ్ అంటే డీజిల్. తర్వాత బ్లాక్ మీద ఇంజన్ నంబర్ చూడాలి, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఎవరైనా ఇంజన్ మార్చేసి ఉండొచ్చు. చివరికి కాలిపర్‌తో బోర్ కొలవాలి. ఆర్డర్ పెట్టేది ఆ తర్వాతే. నేనేమో చివరి పనితో మొదలుపెట్టాను.

సిగ్గుపడి, "85 ఇంజన్ మొత్తం తెచ్చి ఎక్కించేద్దామా, పవర్ కూడా పెరుగుతుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మా నాన్న దున్నింది దీనితో" అన్నారు, అంతే. సరైన 80 సెట్టు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. స్టార్ట్ అయిన రోజు ఇంజన్ ఆపకుండా షెడ్డు చుట్టూ మూడు రౌండ్లు తిప్పారు.

ఇదంతా ఇంగ్లాండ్ కథ అనుకోకండి. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాస్సీ హ్యారిస్‌తో కలిసింది. ఆ మాస్సీ ఫెర్గూసన్‌తోనే 1960లో మద్రాసులో టాఫే మొదలైంది. మన పల్లెల్లో తిరిగిన మాస్సీ బండ్లు ఈ వంశంవే.

మీ తాతగారి ట్రాక్టర్ దొడ్లో తుప్పు పడుతూ ఉంటే, పాత ఇనుము బండివాడు రాకముందే ఒక పని చేయండి. ప్లేటు తుడిచి, ఇంజన్ నంబర్ తుడిచి, రెండిటికీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ అంకెలు చెరిగిపోతే సరైన పార్టు ఏదో చెప్పేవాళ్ళు ఉండరు.