పిడికెడు గింజల పరిచర్య

శతవార్షికోత్సవ సంచికలలో సాధారణముగా కట్టడముల చరిత్ర ముందుగా కనబడుతుంది. ఏ దేవాలయమునకు ఏ సంవత్సరములో పునాది వేశారు, ఏ దొరగారు ఎన్నాళ్లు మన మధ్య ఉన్నారు, గంట ఎక్కడనుండి వచ్చినది అనే సంగతులన్నీ వ్రాసిపెట్టుకోవలసినవే. మన పిల్లలకు అవి తెలియాలి. అయితే నందవరము ప్రాంతపు సంఘస్థులమైన మేము ఈ సంచికలో మరియొక చరిత్రను కొంచెముగా తడవదలచినాము. అది రాళ్లమీద చెక్కబడని చరిత్ర. విశ్వాసము ఆదివారపు ఆరాధనతో ముగిసిపోక, సోమవారము పొయ్యి దగ్గర, చేనిగట్టుమీద, పొరుగువాని గడప యెదుట ఎట్లు పరిచర్యగా మారినదో తెలిపే చరిత్ర.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన ఆ రోజున ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. కాబట్టి మన క్రైస్తవ చరిత్రకు రెండు ద్వారములు ఉన్నవి. పడమట బళ్లారిలో లండను మిషనువారు 1810లోనే పని ఆరంభించారు. తూర్పున కర్నూలులో అమెరికను బాప్టిస్టులు 1876లో స్థిరపడినారు. నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములలో ఎస్.పి.జి. మిషనువారి పని అంతకు ముందే ఉన్నది. ఈ మిషనుల నడుమ సిద్ధాంత భేదములు లేకపోలేదు. కాని అందరికీ ఎదురైన పరీక్ష ఒక్కటే. అది కరవు.

1876లో ధాత సంవత్సరమున వానలు తప్పిపోయినవి. పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది ఈ 1876-78 నాటి కరవునే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరముగా దెబ్బతిన్నవి. కరవు పనులలో మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, దానితో కొద్దిపాటి డబ్బు చాలునని 1877 ఆరంభములో ప్రభుత్వము నిర్ణయించినది. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి ఆ తిండి ఏమూలకు? 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లాలో ఆ పదేళ్లలో సుమారు నాలుగో వంతు జనము తరిగిపోయినట్లు తెలుస్తుంది. నలుగురు ఉన్న ఇంట ముగ్గురు మిగిలినారన్నమాట. తెలుగు దేశమున అనేక సంఘములు పెరిగినది ఈ కరవు నీడలోనే అని మనము మరువరాదు.

ఆ కాలమున ఒంగోలులో జరిగిన సంగతి తెలుగు క్రైస్తవులందరికీ పాఠము. బాప్టిస్టు మిషనరీ అయిన జాన్ క్లౌ గారు 1877లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని తానే కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని చూపి కూలి ఇప్పించారు. వేలాదిమంది వచ్చారు. వారిలో అనేకులు బాప్తిస్మము కోరినారు. అయినను కరవు సహాయము సాగుచున్నంత కాలము ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూటి కొరకు మతము మారినారనే నింద వారిమీద పడకూడదనియు, అన్నమునకు విశ్వాసము వెల కాకూడదనియు ఆయన తలంపు. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. సంఘ చరిత్రలలో ఈ 2,222 అనే లెక్కనే గొప్పగా చెప్పుకొంటారు. మాకు మాత్రము దానికి ముందు గడచిన ఆ నిరీక్షణ మాసములే గొప్పవిగా తోచుచున్నవి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు షరతు ఉండరాదని ఆ మాసములు నేర్పినవి.

కరవు తరువాత పరిచర్య ఆసుపత్రులుగా, బడులుగా రూపు దిద్దుకొన్నది. మన రాయలసీమలోనే చూడండి. జమ్మలమడుగులో లండను మిషను వైద్యుడు క్యాంప్‌బెల్ గారి పేరట నిలిచిన ఆసుపత్రి ఎన్ని పల్లెలకు ఊపిరి పోసినదో! మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల కొరకు అనేక మిషనులు కలిసి ఒక్క వైద్యశాలను నడిపినవి. క్షయ అంటే సొంతవారే దూరముగా మంచము వేసిన రోజులవి. కర్నూలులో కోల్స్ మెమోరియల్ హైస్కూలు ఎందరి పిల్లలకో అక్షరము నేర్పినది. ఈ సంస్థలను స్థాపించినవారి పేర్లు మనకు తెలుసు. అయితే అక్కడ రోగి గుడ్డలు ఉతికినవారు, రాత్రి పూట లాంతరు పట్టుకొని కాన్పులకు నడిచిన నర్సమ్మలు, ఊరూర తిరిగిన బైబిలు స్త్రీలు ఎవరు? పల్లెలలో ఉన్న పంతులుగారి మాట తీసుకొనండి. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు చదువు చెప్పి, జ్వరమునకు కొయినా ఇచ్చి, కోర్టుకు అర్జీ వ్రాసిపెట్టి, దూరదేశములో ఉన్న కొడుకు ఉత్తరమును తల్లికి చదివి వినిపించినది ఆయనే. పరిచర్య అనే మాటకు ఊరివారు ఎరిగిన అర్థము ఆయన బ్రతుకే.

ఈ పరిచర్యను మిషను బంగళానుండి సామాన్య విశ్వాసి వంటయింటికి తెచ్చినవారిలో బిషప్ అజరయ్యగారిని ముఖ్యముగా స్మరించాలి. తిరునెల్వేలి జిల్లాలో 1874లో జన్మించిన ఆయన 1909లో డోర్నకలుకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పు అయినారు. తరువాత మన నంద్యాల ప్రాంతము కూడ ఆయన అధ్యక్ష ఖండములో చేరినది. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించు వరకు పల్లె సంఘములే ఆయన లోకము. బాప్తిస్మము పొందిన ప్రతివాని చేతిని వాని తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావమును వాని నోటనే పలికించేవారు. ప్రకటించుట పాస్టరుగారి పని, వినుట మన పని అనే విభజనకు ఆయన ఒప్పుకొనలేదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు శత్రువులతో పోరాడుట కూడ భక్తిలో భాగమేనని బోధించారు.

ఆ అధ్యక్ష ఖండములో వేరూనిన అలవాటే పిడికెడు బియ్యము. ఇల్లాలు ఎసట్లో బియ్యము పోయకముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారము ఆ కుండను గుడికి తెస్తుంది. బియ్యము పండుగనాటి తిండిగా ఉన్న మన మెట్టసీమలో పిడికిట్లోకి వచ్చేవి జొన్నలు, కొర్రలే. ఆ గింజలతో ఎక్కువగా గురువుల, ఉపదేశకుల పోషణ జరిగేది. లెక్కకు అది చిన్న కానుకే. కాని దానిలోని మర్మము లెక్కలో లేదు. దినమునకు రెండుసార్లు, తన పిల్లలకు వండుకొనే సమయములోనే, ఇల్లాలు ఇంకొకరిని తలచుకొంటున్నది. మిగిలితే పెట్టుట వేరు, ముందుగా తీసి ఉంచుట వేరు. పరిచర్య అలవాటు కావడానికి ఇంతకంటె సులువైన బడి మరియొకటి లేదు.

కరవు దినములలో సారెపతు విధవరాలి తొట్టిలో మిగిలినది కూడ పట్టెడు పిండియే. రెండు పుల్లలు ఏరుకొని, తానును కుమారుడును కడపటిసారి తిందుమనుకొన్న ఆమె ప్రవక్తకు ముందుగా రొట్టె చేసి ఇచ్చినది. ఆమె ఇశ్రాయేలీయురాలు కాదు. పరిచర్య చేసే భాగ్యము మనకొక్కరికే దేవుడు ఇచ్చినాడని అనుకొనకుండ ఆమె మనకు అడ్డు నిలిచి ఉన్నది. అన్యులనబడినవారి చేతి రొట్టె తిని బ్రతికిన ప్రవక్త మన ప్రవక్తయే.

కాలక్రమమున మిషనరీలు వెళ్లిపోయినారు. ఆసుపత్రులు, బడులు కొన్ని నిలిచినవి, కొన్ని సన్నగిల్లినవి. ప్రభుత్వము అనేక పనులను చేతికి తీసుకొన్నది. ఇది మంచిదే. కాని దీనితోపాటు సంఘములలో ఒక ఆలోచన పాకినది. పరిచర్య అంటే సంస్థ నడుపుట అనియు, సంస్థ లేదు గనుక పరిచర్య కూడ లేదనియు అనుకొనుట పరిపాటి అయినది. పిడికెడు కుండ స్థానములో కవరు వచ్చినది. కవరులో డబ్బు ఉంటుంది, పొరుగువాని ముఖము ఉండదు. ఒకే ఊరిలో ఈ పేటకు ఒక గుడి, ఆ పేటకు ఒక గుడి అన్న చోట్లు ఇంకను ఉన్నవి. ప్రభువు శిష్యుల పాదములు కడిగినప్పుడు ఎవరిది ఏ పేట అని అడుగలేదు. ఒక బావి నీళ్లు పంచుకొనలేని విశ్వాసమునకు ఒక పాత్రలోని ద్రాక్షారసము పంచుకొనే అర్హత ఎక్కడిది?

ఇప్పుడు మన కాలపు కరవు సంగతికి వద్దాము. మన ప్రాంతమున దానికి సుగ్గి అని పేరు. ఖరీఫు పంట ఇంటికి వచ్చీరాకముందే, వానలు తప్పిన ఏట ఇంకను ముందుగానే, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, నందవరము వైపు పల్లెలనుండి కుటుంబములు మూటాముల్లెతో లారీలు ఎక్కుతాయి. మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు కొందరు, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరు వైపు కొందరు. తుంగభద్ర దిగువ కాలువ మన సీమలోనే పారుచున్నను ప్రతి చేనికి నీరు అందదు. తాళము పడిన ఇండ్లముందు ముసలివారు కూర్చొని ఉంటారు. కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్లి చదువు పోగొట్టుకొంటారు, కొందరు అవ్వ దగ్గర మిగిలిపోతారు. ఇట్టి పిల్లల కొరకు ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు తెరచిన సంవత్సరములు ఉన్నవి. అయినను సాయంత్రము ఆ పిల్లవాడు అన్నము తిన్నాడా అని అడుగవలసినది ప్రక్క ఇంటివారే. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు మనవారు ఎందరో మిరప చేలలోనే చిక్కుబడిపోయినారు. అటు వారు, ఇటు ముసలివారు ఫోనులో ఏడ్చిన దినములు మన కండ్లముందే ఉన్నవి.

అంతకు ముందు 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినది. కర్నూలు నగరము మునిగినది. మన నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయినది. వరదకు కులము లేదు, మతము లేదు. అట్టి విపత్తులలో జనము చేయి కలుపుతుంది. అన్నము పొట్లములు, పాత దుప్పట్లు దూరమునుండి కూడ వస్తవి. కాని సుగ్గి ప్రతి సంవత్సరము వస్తుంది గనుక వార్త కాదు, దానికి పొట్లములు రావు. వరదనాటి ప్రేమను సుగ్గినాడు కూడ చూపగలమా అన్నదే మన సంఘముల యెదుట నిలిచిన ప్రశ్న. దీనికి విదేశపు నిధి అక్కరలేదు, కమిటీ కూడ అక్కరలేదు.

ప్రతి సంఘములో సుగ్గికి వెళ్లే కుటుంబముల పేర్లు ఒక పుస్తకములో వ్రాసుకోవచ్చు. క్రైస్తవులవే కాక, వీధిలోనివారందరివి. మిగిలిన ముసలివారిని, పిల్లలను ఇంటికి ఇద్దరు ముగ్గురి చొప్పున స్త్రీల మైత్రివారు, యౌవనస్థులు పంచుకోవచ్చు. పింఛను తెచ్చి ఇచ్చుట, రేషను దుకాణము వరకు తోడు పోవుట, మందుబిళ్లల వేళ గుర్తు చేయుట, వారమునకొకసారి దూరముననున్న బిడ్డతో ఫోనులో మాట్లాడించుట, ఇవన్నీ పంతులుగారు ఒకప్పుడు చేసిన పనులే. గుడి వసారాలో సాయంత్రము ఒక గంట దీపము వెలిగించి పిల్లలను చదివించవచ్చు. వెళ్లే విశ్వాసుల చేతికి పాస్టరుగారు ఒక పరిచయ పత్రము ఇస్తే అక్కడి సంఘము వారిని కూలివారుగా కాక సహోదరులుగా చేర్చుకొంటుంది. పిడికెడు కుండను మరల పొయ్యి ప్రక్కన ఉంచి, అందులో సగము గింజలను తాళము పడిన ఇంటి అవ్వ కొరకు తీసి పెట్టవచ్చు. ఆ అవ్వ ఏ దేవునికి మ్రొక్కుతుందో అడుగనవసరము లేదు. ఒంగోలు కాలువగట్టు మనకు నేర్పిన పాఠము అదే.

మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయములో కుడివైపున నిలిచిన నీతిమంతులు, ఎప్పుడు నీకు అన్నము పెట్టితిమి అని ప్రభువును ఆశ్చర్యముతో అడుగుదురు. వారికి జ్ఞాపకము లేదు. ఎసట్లో గింజలు పోసేముందు తీసిన పిడికెడును ఎవరు లెక్కపెట్టుకొంటారు? పరిచర్య అంతగా అలవాటైపోయినవారి మాట అది. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను చూపి ఏడ్చినారు. ఆమె చరిత్రను తెలిపిన శిలాఫలకము ఆ వస్త్రములే.

ఈ శతవార్షికోత్సవమున మన దేవాలయములకు వెల్ల వేయుదము, గంటలు మ్రోగింతము, మన పూర్వికులను బట్టి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లింతము. రాబోవు సుగ్గి కాలమున లారీ కదలినప్పుడు వెళ్లేవారు వెనుదిరిగి చూచి, మా ముసలివారికి గుడివారు ఉన్నారులే అని ధైర్యముగా సాగిపోవునట్లు ప్రభువు మన సంఘములను బలపరచును గాక. ఆమేన్.