చేతులకు పరీక్ష



రోగికి ఒళ్ళు తుడుచుటకును, పక్క మార్చుటకును, నోటికి గంజి అందించుటకును పరీక్ష యేల? మన తల్లులు ఏ పత్రమును లేకయే ఈ పనులన్నియు చేసిరి గదా? ఇట్లు అడుగువారు నేటికిని కలరు. ఈ ప్రశ్నను గూర్చి నూరేండ్లకు పూర్వమే గొప్ప వాదము జరిగినది. ఆ చరిత్రను ఎరిగినయెడల, నర్సింగు సహాయకుల పరీక్షకు కూర్చుండు మన బిడ్డలు తమ పాఠములను వేరొక మనస్సుతో చదువుదురని నా నమ్మకము.

హైదరాబాదులో ఎస్.ఆర్. నగర్ ఎట్టి తావో మీరెరుగుదురు. ఒక ప్రక్క ఈ.ఎస్.ఐ. ఆస్పత్రి, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి. మరియొక ప్రక్క అమీర్‌పేట దాటగానే పంజాగుట్టలో నిమ్స్. వీటి నడుమ సందుసందునను హాస్టళ్ళు, శిక్షణాలయముల బోర్డులు. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు ఇరుకు గదులలో నుండి ఏదో యొక పరీక్షకు చదువుచుందురు. కంప్యూటరు విద్యకు వచ్చినవారే పెక్కుమంది. రోగుల సేవ నేర్వగోరి వచ్చినవారును కలరు. ఈ వ్యాసము వారి కొరకును, వారిని పంపిన తలిదండ్రుల కొరకును వ్రాయుచున్నాను.

1836లో జర్మనీ దేశమందలి కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరిలో థియోడర్ ఫ్లీడ్‌నర్ అను సంఘకాపరి, సామాన్య కుటుంబముల స్త్రీలకు రోగిపరిచర్య నేర్పుటకు ఒక గృహమును స్థాపించెను. 1851లో ఫ్లోరెన్స్ నైటింగేల్ అచ్చట కొన్ని నెలలుండి ఆ పద్ధతులను చూచెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరిట నర్సుల పాఠశాల తెరవబడెను. అంతకుముందు ఇంగ్లండు ఆస్పత్రులలో రోగులను చూచువారు చాలవరకు శిక్షణ లేనివారే. ఆ పనికి గౌరవమును లేకుండెను.

శిక్షణ మొదలైన పిమ్మట వివాదమును మొదలాయెను. ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్‌విక్ అను నర్సు 1887లో బ్రిటిషు నర్సుల సంఘమును స్థాపించి, నర్సులందరికిని ఒకే పరీక్ష, ఒకే పట్టిక ఉండవలెనని పోరాడెను. శిక్షణ పొందినదెవరో పొందనిదెవరో మంచము పట్టిన రోగి యెట్లు తెలిసికొనగలడని ఆమె వాదము. దీనిని గట్టిగా ఎదిరించినది ఎవరనుకొందురు? నైటింగేలే! పరీక్ష జ్ఞాపకశక్తిని కొలుచునే గాని గుణమును కొలువజాలదని ఆమె తలంచెను. నేడు మంచిదైన నర్సు పదియేండ్లకు అట్లే యుండునని ఏ పట్టిక పూటపడగలదు?

ఈ వాదము ముప్పదేండ్లకు పైగా సాగెను. 1901లో న్యూజిలాండు దేశము నర్సుల నమోదు చట్టమును చేసెను. ఇంగ్లండులో అట్టి చట్టము 1919లో గాని రాలేదు. అప్పటికి నైటింగేల్ గతించి తొమ్మిదేండ్లు. ఆ పట్టికలో మొదటి పేరు ఫెన్‌విక్‌దే. పట్టిక గెలిచినది, అయినను నైటింగేల్ అడిగిన ప్రశ్న మిగిలియే యుండెను. దానిని మరువకుడి, మరల దాని యొద్దకు వచ్చెదము.

తెలుగునాట ఈ పని మరింత కష్టమైనది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకును పిల్లలకును ఆస్పత్రి తెరచినప్పుడు, మందులు తెప్పించుకొనుటకన్న రోగులను ముట్టి సేవచేయు చేతులను సంపాదించుటయే గడ్డు పని. పరుల మలమూత్రములెత్తుట నీచమని లోకమెంచిన కాలమది. మన ప్రాంతపు మిషన్ ఆస్పత్రులలో తొలుత ఈ విద్య నేర్చినవారిలో పేద క్రైస్తవ కుటుంబముల బిడ్డలే హెచ్చు. ఊరు ఎడముగా నుంచిన కులములవారు వారిలో పెక్కండ్రు. 1909లో ఐడా స్కడర్ వెల్లూరులో నర్సుల పాఠశాలను ఆరంభించెను. ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి తన ఇష్టము చొప్పున పత్రమిచ్చినచో వేరొక ఊరిలో దానికి విలువ యేమి? అందుచేత మిషన్ ఆస్పత్రులు కూడి ఉమ్మడి పరీక్షా మండలులను ఏర్పరచుకొనెను. అప్పుడు మన కోస్తా జిల్లాలుకూడ చేరియుండిన మద్రాసు రాష్ట్రములో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చెను. ఆ బిడ్డ చేతికి వచ్చిన పత్రము ఆమె కులమును అడుగలేదు. ఆమె పనిని మాత్రమే చెప్పెను. ఊరు పేరు పెట్టి పిలువని స్త్రీని ‘సిస్టరుగారూ’ అని పిలిపించినది ఆ కాగితమే.

1947లో భారత నర్సింగు మండలి చట్టము, 1951లో పంజాబులోని తరన్ తారన్ మిషన్ ఆస్పత్రిలో సహాయక నర్సు-మంత్రసానుల తొలి శిక్షణయు వచ్చెను. అయినను వార్డులో ఆయా, వార్డుబాయ్ మాత్రము ఒకరిని చూచి యొకరు నేర్చుకొనుచు చాలకాలముండిరి. రోగి యొద్ద ఎక్కువ సేపుండువారు వీరే. వీరికి మాత్రము పాఠమును లేదు, పరీక్షయు లేదు.

ఇట్టి లోపము సంపన్న దేశములలోను ఉండెను. అమెరికాలో వృద్ధుల ఆశ్రయములందు జరుగుచున్న నిర్లక్ష్యమును గూర్చి 1986లో ఒక పండిత సంఘము నివేదిక వ్రాయగా, మరుసటి యేట సమాఖ్య చట్టము పుట్టెను. దాని ప్రకారము సహాయకులకు కనీసము 75 గంటల శిక్షణ ఉండవలెను. అందులో 16 గంటలైనను ఒకరి పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్వవలెను. పరీక్షలో రెండు భాగములు: ఒకటి వ్రాతపరీక్ష, కావలెనన్న నోటిమాటగా చెప్పవచ్చును, రెండవది పని చేసి చూపుట. ఏ పని యడుగుదురో ముందుగా తెలియదు. కనీసము మూడు అవకాశములీయవలెను. నెగ్గినవారి పేరు రాష్ట్రపు పట్టికలో చేరును. రెండేండ్లపాటు జీతముపై ఆ సేవ చేయనివారు మరల శిక్షణయో పరీక్షయో పొందవలెను. రోగిని హింసించినట్లో, అతని సొమ్ము అపహరించినట్లో తేలినచో అదియు ఆ పట్టికలోనే వ్రాయబడును. చూచితిరా! నైటింగేల్ ప్రశ్నకు ఇది కొంతవరకు జవాబు. పట్టిక విద్యను మాత్రమే గాక నడవడినిగూడ కనిపెట్టుచున్నది.

మన దేశములో ఇట్టి పని ‘జనరల్ డ్యూటీ అసిస్టెంట్’ అను పేరిట జాతీయ నైపుణ్య ప్రమాణములలో చేరినది. కోవిడ్ కాలములో శిక్షితమైన చేతులు చాలక, 2021 జూనులో కేంద్ర ప్రభుత్వము 26 రాష్ట్రములలో 111 కేంద్రములందు లక్షమందికి త్వరిత శిక్షణ నిచ్చుటకు పూనుకొనెను. ఇంటియొద్ద పరిచర్య అందులో నొక విభాగము. ఆయా నేర్వవలసిన విద్య ఎంత అవసరమో ఆ యేడు దేశమంతయు తెలిసికొనెను.

ఇక పరీక్షకు సిద్ధపడువారితో నాలుగు మాటలు.

మొదటిది, చేతులు కడుగుట. అది తేలికయని దాటవేయకుడి. నురుగుతో 20 క్షణములకు తగ్గక రుద్దవలెను. ముట్టుటకు ముందు రోగిని పేరుతో పలుకరించి, చేయబోవు పని చెప్పవలెను. తెర లాగవలెను, సొమ్ము లేనివానికిని సిగ్గు కలదు. చక్రముల కుర్చీలో దింపుటకు ముందు చక్రములు బిగించితిరో లేదో చూడవలెను. పక్షవాతము వచ్చినవారికి చొక్కా తొడుగునప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పునప్పుడు అది వెనుక. విడిచి వెళ్ళునప్పుడు పిలుపుగంట చేతికందునట్లుంచవలెను. వీటిని కంఠస్థము చేసిన చాలదు. గదిలోని స్నేహితురాలిని మంచముపై పండుకొనబెట్టి, పదిమార్లు చేసి చూడుడి. తరువాత మీరు పండుకొని ఆమెను చేయనిండు. ఒకరి చేతిలో నిస్సహాయముగా నుండుట ఎట్టిదో అప్పుడు తెలియును. ఆ పాఠము ఏ పుస్తకములోను దొరకదు.

రెండవది, మీ హద్దు ఎరుగుట. సహాయకురాలు తన యిష్టము చొప్పున సూదిమందు వేయరాదు, మందు మార్చరాదు. చూచినది చూచినట్లు నర్సుకు తెలుపుటయే ఆమె ధర్మము.

మూడవది తలిదండ్రులకు. రుసుము చెల్లించుటకు ముందు అడుగుడి: పత్రమిచ్చునది ఎవరు? పరీక్ష పెట్టునది ఎవరు? వార్డులో శిక్షణ ఎన్ని గంటలు, ఏ ఆస్పత్రిలో? సహాయకుల పత్రముతో రాష్ట్ర నర్సింగు మండలిలో నర్సుగా నమోదు కాలేరు. ఇచ్చటి పత్రము ఒక్కదానితోనే అమెరికా పట్టికలో పేరు చేరదు. అట్లు చేరునని చెప్పువారి మాట నమ్మి పొలము తాకట్టు పెట్టకుడి.

చదువరులారా, పరీక్ష పుట్టినది అభ్యర్థిని జల్లెడ పట్టుటకు గాదు. నోరెత్తి అడుగలేని రోగి పక్షమున అడుగుటకు. నీవు నేర్చితివా అని రోగి అడుగలేడు గనుక పరీక్షకుడు అడుగుచున్నాడు. ఫెన్‌విక్ కోరిన పత్రము మీ చేతికి వచ్చుగాక. నైటింగేల్ కోరినది మాత్రము ఏ పరీక్షకుడును చూడని వేళ, రాత్రి రెండు గంటలకు, మూలుగుచున్న ముసలమ్మకు పక్క మార్చునప్పుడు తేలును. తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన ప్రభువు, ఆ వేళ మీ చేతులకు తోడుగా నుండును గాక.