గుండ్రటి మసిగుడ్డ

మొన్న కార్తీకంలో శ్రీశైలం వెళ్తూ సున్నిపెంటలో ఆగాను. మా నాన్నగారు ప్రాజెక్టులో పనిచేసిన రోజుల్లో మేమున్న కాలనీ అది. అప్పటి పక్కింటి పిన్నమ్మ ఇంకా అక్కడే ఉంటోంది. నా కోసం పాలు కాచి, గిన్నె దించుతూ, "ఇది గుర్తుపట్టినావా పాపా?" అంటూ చేతిలో గుడ్డ చూపించింది.

జానెడు వెడల్పున గుండ్రంగా, అంచు చుట్టూ తోరణాలు కట్టినట్టు అల్లిన క్రోషా గుడ్డ. ఒకప్పుడు మీగడ రంగులో ఉండేది. మసి పట్టీ, ఉతికీ ఉతికీ గోధుమ రంగుకి తిరిగింది. ముప్పై అయిదేళ్ళ నాటి మా అమ్మ చేతిపని!

ఆ రోజు పిన్నమ్మ అన్న మాట కూడా నాకు గుర్తే. "ఇంత సొగసైనదాన్ని మసిగుడ్డ చేసేకి నీకు మనసెట్ల వచ్చెనక్కా?" అంది. అమ్మ నవ్వేసి, "నూలుదారం కదమ్మా, చెయ్యి కాలదు. నైలానైతే గిన్నెకే అంటుకుపోతుంది. అయినా అద్దాల బీరువాలో పెట్టుకుని ఏం చేస్తాం?" అంది.

అమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక నాన్నగారి ఉద్యోగం వెంట గోదావరి ఒడ్డు వదిలి ఈ నల్లమల అడవిలోకి వచ్చింది. పుట్టింటి నుంచి ఇత్తడి బిందెతో పాటు క్రోషా సూది కూడా తెచ్చుకుంది. మధ్యాహ్నం పని తెమిలాక గుమ్మంలో కూర్చుని అల్లుతుంటే నేను పక్కన చేరి చూసేదాన్ని. ముందు ఆరు గొలుసు కుట్లు వేసి కలిపితే ఒక చిన్న చుట్టు. ఆ చుట్టులోంచి పన్నెండు పొడుగు కుట్లు. రెండో వరసకి ఇరవై నాలుగు, మూడో వరసకి ముప్పై ఆరు. అలా వరసకి పన్నెండేసి పెరగాలి. తక్కువ పెంచామా, గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచామా, పరికిణీ కుచ్చిళ్ళలా లేచి కూర్చుంటుంది. నాకు పన్నెండో ఎక్కం బళ్ళో కంటే ముందు అక్కడే వచ్చింది.

ఈ గుండ్రటి గుడ్డకి పెద్ద కథే ఉంది. ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళల్లో పళ్ళేల కిందా, పూలకూజాల కిందా వేసే ఇలాంటి చిన్న గుడ్డని డాయిలీ అంటారు. డాయిలీ అనేది పదిహేడో శతాబ్దం చివర్లో లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో బట్టల దుకాణం నడిపిన ఒకాయన ఇంటి పేరు. ఆయన పోయి మూడు వందల ఏళ్ళయినా ఆ పేరు ఇంకా బల్లల మీద పరిచి ఉంది! అంత దూరం ఎందుకు? నరసాపురం పక్కనే మాధవాయిపాలెం ఉంది. అక్కడి నూలుబట్ట కంపెనీ వాళ్ళ ఓడలెక్కి సీమకి పోయింది. ఊరి పేరు దొరల నోట నలిగి 'మడపోలం' అయి, ఒక రకం మెత్తటి బట్ట పేరుగా ఇంగ్లీషు నిఘంటువుల్లో నిలిచింది.

షావుకారు పేరు నిలిచింది, ఊరి పేరు నిలిచింది. మరి వేళ్ళు అరగదీసుకుని అల్లిన వాళ్ళ మాటో?

నరసాపురం లేసు కథ చెప్పేవాళ్ళంతా 1844తో మొదలుపెడతారు. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెబుతారు. అంతకు పదేళ్ళ ముందే, 1833 ప్రాంతాల్లో, గోదావరి, కృష్ణా, గుంటూరు సీమల్ని ఘోరమైన కరువు పట్టి కుదిపింది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టనే లేదు. ఇళ్ళల్లో గింజలు లేవు. అలాంటి కాలంలో సూదీ దారమూ చేతికిస్తే ఆడవాళ్ళు వద్దంటారా?

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఐర్లండులోనూ ఇదే జరిగింది. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకి తెగులు సోకి మహాకరువు మొదలైంది. కాన్వెంటుల్లోని సన్యాసినులు పేదింటి ఆడపిల్లలకి క్రోషా నేర్పి, అల్లినదాన్ని అమ్మిపెట్టారు. ఎన్నో కుటుంబాలు ఆ దారప్పోగు పట్టుకునే కరువు దాటాయి. కలవారి బల్లల మీది ముచ్చట లేనివారి ఇళ్ళల్లో కూడు పెట్టింది.

మనవైపు మొదట పేద క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్ళు ఈ పనిలోకి వచ్చారు. రానురాను గడప దాటడం పరువు తక్కువనుకునే కాపుల ఇళ్ళల్లోకీ పాకింది. పొలానికి పంపనక్కర లేదు, నలుగురి కళ్ళా పడనక్కర లేదు, నాలుగు డబ్బులు వస్తాయి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఎగుమతి వ్యాపారులు తయారయ్యారు. వ్యాపారికీ అల్లేవాళ్ళకీ మధ్య ఏజెంట్లు ఏర్పడ్డారు. పువ్వులూ చక్రాలూ అల్లేవారిది చేతిపని. వాటిని జోడించి బల్ల గుడ్డగానో దుప్పటిగానో తయారుచేసేవారిది అతుకు పని. పువ్వు అల్లినావిడకి దుప్పటి ఎలా వచ్చిందో తెలియదు. దుప్పటి అతికినావిడకి అది ఏ దేశంలో ఎవరి మంచం మీద పరుచుకుందో తెలియదు.

మా అమ్మమ్మ చేతిపని మనిషి. ఎన్ని గంటలు కూర్చున్నావని ఏజెంటు అడిగేవాడు కాదట. ఎంత దారం అల్లితే అంత కూలి. వెలిసిందనీ, మరక పడిందనీ వంక పెడితే అదీ కోతే. నలభై దాటేసరికి ఆవిడకి సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనేది కాదని అమ్మ చెప్పేది.

1978–79లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగింది. 1982లో ఆమె పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఆ చుట్టుపక్కల లక్షమందికి పైగా స్త్రీలు లేసు అల్లుతున్నారని రాసింది. రోజంతా అల్లినా సగటున రూపాయి కూడా గిట్టేది కాదట. సరుకు మాత్రం దేశదేశాలకు పోతోంది. ఇన్ని వేలమంది ఇంత పని చేస్తుంటే, జనాభా లెక్కల్లో వాళ్ళు పనివాళ్ళుగా కనబడలేదు. లోకం వాళ్ళని ఇంటి ఇల్లాళ్ళు అంది. వాళ్ళూ అలాగే అనుకున్నారు. చేసేది తీరిక పని అన్నారు, అంతే.

ఆ పుస్తకం గురించి కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. ఎందుకో చెబుతాను. 1991 జనాభా లెక్కలకి ఒకాయన మా క్వార్టరుకి వచ్చాడు. నాన్నగారి వివరాలు రాసుకుని, "అమ్మా, మీరేమన్నా పనిచేస్తారా?" అని అడిగాడు. అమ్మ ఒళ్ళో సగం అల్లిన బల్ల గుడ్డ ఉంది. "ఏం లేదండీ, ఇంట్లోనే" అంది, సూది ఆపకుండానే. ఆయన గీత గీసి వెళ్ళిపోయాడు. ఆ గుడ్డ కాలనీలో ఒక ఇంజనీరుగారి ఇంటికి అమ్మింది. అలా గుడ్డలమ్మిన డబ్బు చక్కెర డబ్బాలో దాచేది. కర్నూల్లో నా బి.ఏ. ఫీజు, హాస్టలు ఖర్చు అందులోంచే వచ్చాయి. ఇవాళ నాలుగు నవలలు రాసి రచయిత్రిననిపించుకున్నానంటే, ఆ 'ఏం లేదండీ' పుణ్యమే.

పిన్నమ్మ దగ్గర సెలవు తీసుకుని శ్రీశైలం చేరాను. మర్నాడు తెల్లవారుజామున పాతాళగంగ మెట్లు దిగుతుంటే ఇవన్నీ మనసులో మెదిలాయి. ఈ మెట్లని విజయనగర ప్రభువు రెండో హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో కట్టించింది. ఆమె పేరు శాసనంలో ఉంది కాబట్టి, ఆరు వందల ఏళ్ళ తరవాత నేనూ తలుచుకుంటున్నాను. కట్టించిన ఆవిడకి దక్కాల్సిన మర్యాదే. కానీ తట్ట మోసిన చేతులు తమ పేరు తాము రాసుకోలేవు. ఎవరో ఒకరు అడగాలి, అడిగితే వాళ్ళు చెప్పాలి. అడిగినా 'ఏం లేదండీ' అంటే ఏ శాసనం మాత్రం ఏం చేస్తుంది?

2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకెక్కడో తయారైన సరుకుని ఆ పేరుతో అమ్మకూడదు. సంతోషమే. దాన్ని పోలిన లేసుని యంత్రాలు నేస్తాయి గానీ, అసలైన క్రోషా కుట్టుని ఫ్యాక్టరీ యంత్రాలు ఈనాటికీ వేయలేకపోతున్నాయి. ఎక్కడ క్రోషా గుడ్డ కనబడినా దాని వెనక ఒక మనిషి వేళ్ళున్నట్టే. ఊరికి వచ్చిన ఆ పేరు వల్ల ఆ వేళ్ళకి దక్కే కూలి ఎంత పెరుగుతుందన్నదే నాకు కావలసిన లెక్క.

ఇంటికి వచ్చి అమ్మకి మసిగుడ్డ సంగతి చెప్పాను. ఎనభైకి దగ్గర పడింది, చూపు మందగించింది, సూది పట్టి పదేళ్ళయింది. "ఇంకా చిరగలేదా!" అని మురిసిపోయింది. మాటల్లో 2027లో జనాభా లెక్కలున్నాయని చెప్పి, "ఈసారి ఎవరైనా వచ్చి అడిగితే లేసు పని అని చెప్పమ్మా" అన్నాను.

"ఇప్పుడు చెయ్యడం లేదు కదే, అబద్ధమెలా చెప్పను?" అంది అమ్మ.