పనివానికి విద్యుద్విద్య: ఫిన్స్‌బరీ కళాశాల చరిత్రము

రజతోత్సవ సంచికకు వ్యాసమొకటి వ్రాయుమని మన గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినపుడు, ఈతడు ఎప్పటివలె నన్నయను గూర్చియో తిక్కనను గూర్చియో వ్రాయునని వారు తలంచి యుందురు. ఈ పర్యాయము వారికి ఆశాభంగము తప్పదు. సాయంకాలమున మన పఠనమందిరమునకు వచ్చి కూర్చుండు యువకులలో కొందరు పాలిటెక్నిక్కులో మూడేండ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చదువువారు, కొందరు ఐ.టి.ఐ.లో రెండేండ్ల ఎలక్ట్రీషియను శిక్షణ పొందువారు. "ఏమి చదువుచున్నావు, నాయనా?" యని పెద్దలడిగినపుడు "డిప్లొమానేనండి" యని వారు తల వంచుకొని చెప్పుట నేను పలుమార్లు వింటిని. ఆ "నే" యను నొక్క యక్షరమే నాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది. ఈ చదువు మొదట నెట్లు పుట్టెనో, దానిని బోధించిన వారెట్టివారో, నేర్చిన వారెవ్వరో తెలిసికొనుటకు లండను నగరమునకు, 1880 ప్రాంతపు దినములకు పోవలసి యున్నది.

ఆ నగరమున ప్రాచీనమైన వృత్తిసంఘము లుండెను. మన శాసనములలో కానవచ్చు శ్రేణులవంటివే యవి. బట్టల వర్తకులకొకటి, స్వర్ణకారులకొకటి, చేపల వర్తకులకొకటి, ఇట్లు పెక్కులు. ఒకప్పుడు పనివానికి శిష్యరికము పెట్టి, పని నేర్పి, వాని నేర్పునకు పూచీపడినవి యవియే. కాలక్రమమున వృత్తులతో వాని సంబంధము సడలెను; ఆస్తులు మాత్రము పెరిగెను. ఇంత ధనముతో మీరేమి చేయుచున్నారని లోకులు ప్రశ్నింప మొదలిడిరి. అదే కాలమున జర్మను, స్విస్ దేశముల సరకులు ఇంగ్లీషు సరకులతో పోటీకి వచ్చెను. ఆ దేశములలో పనివారికి చదువు కలదనియు, తమ దేశమున లేదనియు ఇంగ్లండులోని ఆలోచనాపరులు గ్రహించిరి. ఈ రెండు కారణములచేతను 1878లో లండను నగరసభయు, పదునారు శ్రేణులును కలిసి సాంకేతిక విద్యకై "సిటీ అండ్ గిల్డ్స్ ఆఫ్ లండన్ ఇన్‌స్టిట్యూట్" అను సంస్థను స్థాపించినవి.

ఇందు విద్యుద్విద్యకు గల ప్రత్యేకత నించుక చెప్పవలెను. వడ్రంగము, కమ్మరము తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు వచ్చు విద్యలు. విద్యుత్తు పనికి తండ్రియు లేడు, గురువును లేడు. స్వాన్, ఎడిసన్ అనువారల గాజుబుడ్డి దీపములు 1879 నాటికి గాని వెలుగులోనికి రాలేదు. లండనులో హోబర్న్ వయాడక్టు కడ విద్యుత్కేంద్రము 1882లో గాని నడువలేదు. డైనమో త్రిప్పుటకును, తీగె లాగుటకును, దీపము బిగించుటకును వేలకొలది మనుష్యులు కావలసి వచ్చిరి. విశ్వవిద్యాలయములలో విద్యుత్తును గూర్చి మహాపాండిత్య ముండెను. 1873లో మాక్స్‌వెల్ రచించిన మహాగ్రంథము వెలువడియే యుండెను. కాని దానిని చదువుటకు వలసిన గణితము తీగెలాగు వానికి లేదు, అది తెలిసిన పండితునకు తీగె లాగుట రాదు. ఈ రెంటి నడిమి ఖాళీలో పుట్టినదే ఫిన్స్‌బరీ కళాశాల.

దానికి తొలి విద్యుదాచార్యుడు విలియం ఎయిర్టన్. 1847లో జన్మించిన యీతడు గ్లాస్గోలో విలియం థామ్సను నొద్ద, అనగా పిమ్మట కెల్విన్ ప్రభువైన వానియొద్ద, చదివి 1868లో మన దేశమునకు తంతిశాఖ ఉద్యోగియై వచ్చెను. అడవులమీదుగను నదులమీదుగను వందల మైళ్ళు సాగిన తంతి యొకచోట చెడినచో ఆ చోటు నెట్లు కనుగొనుట? తీగె వెంబడి మనుష్యుని నడిపించి వెదకించుట పాతపద్ధతి. కొలిచి కనుగొనుట క్రొత్త పద్ధతి. తీగెకు మైలు కింత యని విద్యుత్తును అడ్డగించు నిరోధము కలదు. మాటవరుసకు, మైలుకు పది ఓములు నిరోధముగల తీగె నడుమ తెగి నేలను తాకినదనుకొందము. ఈ కొననుండి కొలువగా మూడువందల ఓములు వచ్చినచో, చెడిన చోటు ముప్పదిమైళ్ళ దూరమున కలదని కుర్చీలో కూర్చుండియే చెప్పవచ్చును. నిజమునకు వానతడి, చెడిన పింగాణీ బుడ్లు మొదలగువానివలన లెక్క ఇంత సులువుగా తేలదు. అందులకు రెండుకొనలనుండి కొలుచుట మొదలగు ఉపాయములు కలవు. అట్టి ఉపాయములను ఎయిర్టన్ మన దేశపు తంతులపై నభ్యసించెను. తరువాత అతడు శిష్యులకు నేర్పినదంతయు ఈ యొక్క సూత్రమునుండి పెరిగినదే యని నాకు తోచును: కొలువనిది తెలియదు.

1873లో అతడు జపాను ప్రభుత్వ మాహ్వానింపగా టోక్యోలోని ఇంజనీరింగు కళాశాల కేగెను. 1878 మార్చి 25వ తేదీన అచ్చట ఒక విందు సందర్భమున అతడు శిష్యులతో వెలిగించిన ఆర్కు దీపమే జపానులో తొలి విద్యుద్దీపముగా లెక్కింపబడుచున్నది; ఆ దినమును జపానువారు నేటికిని విద్యుత్తు దినముగా పాటింతురు. అచ్చటనే జాన్ పెర్రీ అను ఐర్లండు దేశీయుడు అతనికి సహోద్యోగియై కలిసెను. పెర్రీ బాల్యమున బెల్ఫాస్టు పోతకర్మాగారమున పని నేర్చినవాడు.

ఎయిర్టన్ లండనునకు మరలివచ్చి, 1879 నవంబరులో రసాయనాచార్యుడు ఆర్మ్‌స్ట్రాంగుతో కూడి, కౌపర్ వీధిలోని ఒక పాఠశాల నేలమాళిగలో తరగతు లారంభించెను. కళాశాలకు స్వంతభవనము 1883లో గాని రాలేదు. మనమును ఈ గ్రంథాలయమును ఎట్టి చావడిలో మొదలుపెట్టితిమో జ్ఞాపకమున్నవారు నేలమాళిగను చులకన చేయరు. ఆ చుట్టుప్రక్కల షోర్డిచ్ పేటలో కుర్చీలు, బల్లలు చేయువారును, క్లర్కెన్‌వెల్ పేటలో గడియారములు, యంత్రపరికరములు చేయువారును నివసించిరి. పగటి తరగతులు పిల్లలకు. సాయంకాలపు తరగతులు పగలెల్ల పనిచేసి వచ్చు వారికి. విద్యుత్తుతో పాటు వడ్రంగము, ఇటుకపని సైతము రాత్రులందు బోధింపబడెను.

బోధించిన విధమే అసలు వింత. అంతకుముందు ఆచార్యుడు బల్లమీద ప్రయోగమును చేసి చూపుటయు, శిష్యులు దూరమున కూర్చుండి చూచుటయు వాడుక. ఎయిర్టన్ శిష్యుల చేతికే పరికరము నిచ్చెను. ప్రతివాడును తానే ఘటమాలను కలిపి, తానే ముల్లు కదలుటను చూచి, తానే అంకెలను వ్రాసి, ఫలితమును లెక్కగట్టవలెను. ఆ పాఠక్రమమే 1887లో "ప్రాక్టికల్ ఎలక్ట్రిసిటీ" అను గ్రంథమై వెలువడెను. పరికరములు చాలకున్న ఆ గురువు లిద్దరు క్రొత్తవానిని కల్పించిరి. నేడు ప్రతి స్విచ్చి బోర్డుమీదను కానవచ్చు ఆమ్మీటరును చేతబట్టుకొని పోదగిన రూపమునకు తెచ్చినవారిలో వారు ముఖ్యులు. 1882లో వారు విద్యుత్తుతో నడచు మూడుచక్రముల బండిని సైతము నిర్మించిరి.

ఆ యేడే ఫిన్స్‌బరీలో ఆచార్యుడైన పెర్రీ గణితము విషయమున పట్టుదల కలవాడు. యూక్లిడు సిద్ధాంతములను వరుసగా వల్లించిన పిమ్మటగాని పై గణితమునకు పోరాదను సంప్రదాయమును అతడు తీవ్రముగా ఖండించెను. గళ్ళ కాగితమిచ్చి, కొలిచిన అంకెలను చుక్కలుగా పెట్టించి, ఆ చుక్కలను కలుపు రేఖలో నియమమును చూడుమని బోధించెను. భారతమున ఏకలవ్యుని కథ చదివినపుడెల్ల బొటనవ్రేలు పోయినందులకే మనము దుఃఖింతుము. ద్రోణుడు తొలినాడే విద్య నిరాకరించెనను సంగతి అంతకన్న తక్కువ దుఃఖకరము కాదు. లండను పనివానికి బొటనవ్రే లుండెను, పనియు వచ్చును. గణితమను ద్వారము కడ నతడు నిలువబడి పోయెను. పెర్రీ చేసినది ఆ ద్వారమును తెరచుట.

ఆ ద్వారమున లోనికి వచ్చినవారిలో నొక స్త్రీ కలదు. 1854లో పుట్టిన సారా మార్క్స్, పోలండునుండి వలసవచ్చిన ఒక యూదు గడియారపు పనివాని కూతురు. ఆమె యేడవయేట తండ్రి మరణించెను. తల్లి కుట్టుపనితో సంసారమును నడిపెను. ఆమె కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో గణితమును చదివెను గాని ఆనాడు ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టము నిచ్చెడిది కాదు. 1884లో ఫిన్స్‌బరీ సాయంకాలపు తరగతులలో చేరి ఎయిర్టన్ బోధన వినెను. మరుసటియేట నతనినే వివాహమాడి హెర్తా ఎయిర్టన్ అను పేర ప్రసిద్ధి చెందెను. రెండు బొగ్గుకడ్డీల నడుమ వెలుగు ఆర్కు దీపము ఆనాటి వీథిదీపము. అది బుసలు కొట్టుచు మిణుకుమిణుకు మనుచుండెను. బుసకు కారణము కడ్డీకొన నేర్పడిన గుంటలోనికి గాలిలోని ఆమ్లజని చొచ్చుటయే యని ఆమె ప్రయోగములచే నిరూపించెను. 1899లో విద్యుదింజనీర్ల సంఘమున స్వయముగా ఆ పత్రమును చదివి, ఆ సంఘమునకు తొలి స్త్రీ సభ్యురాలయ్యెను. 1901లో ఆమె పత్రమొకటి రాయల్ సొసైటీకి పోయినపుడు దానిని ఆమె చదువుటకు వీలు లేకపోయెను. ఆమె బదులు చదివినవాడు పెర్రీయే. మరుసటియేట ఆమె పేరు సభ్యత్వమునకు ప్రతిపాదింపబడగా, వివాహిత యగు స్త్రీని చేర్చుకొనుటకు తమ నిబంధన లొప్పవని ఆ పండితులు త్రోసివేసిరి. నాలుగేండ్లకు వారే హ్యూస్ పతకము నిచ్చిరి. సాయంకాలపు తరగతికి మాత్రము అట్టి నిబంధన అడ్డురాలేదని పాఠకులు గమనింతురు గాక.

1884లో ఎయిర్టన్ పై కళాశాల కేగెను. మరుసటియేట సిల్వానస్ థామ్సన్ అధ్యక్షుడై వచ్చి, 1916లో మరణించువరకు, ముప్పదియొక్క వత్సరము లచ్చటనే యుండెను. ఈతనియందు నాకు ప్రత్యేకాభిమానము కలదని దాచను. ఒకవంక డైనమోలపై పనివారును ఇంజనీర్లును చదువు గ్రంథమును వ్రాసినవాడు. మరొకవంక 1600లో గిల్బర్టు లాటినులో రచించిన అయస్కాంత గ్రంథమును 1900లో ఇంగ్లీషున ప్రకటించిన పండితులలో ముఖ్యుడు. పుస్తకములు బైండు చేయు దుకాణమున పనిచేయుచు, ఆ పుస్తకములనే చదివి విద్యుత్తు రహస్యములను ఛేదించిన ఫారడే చరిత్రమును గూడ ఈతడు రచించెను. 1910లో తన పేరు వేసికొనకుండ కలనగణితముపై "కాల్క్యులస్ మేడ్ ఈజీ" అను చిన్న పుస్తకమును వెలువరించెను. గంభీర పరిభాషతో భయపెట్టు గణితమును సామాన్యునికి చెప్పుచు, నడుమ నడుమ పండితులను ఎగతాళి చేయును. గ్రంథకర్త ఎవ్వరో అతని మరణానంతరముగాని లోకమునకు వెల్లడి కాలేదు.

ఇక ధనము మాట. లెక్కలు వ్రాయువాడను గనుక దీనిని విడువజాలను. 1890లో ఇంగ్లీషు ప్రభుత్వము సారాయి, బీరులపై సుంకమును పెంచి, మూతపడు మద్యశాలల యజమానులకు ఆ సొమ్ముతో పరిహార మీయదలచెను. ప్రజలును సభ్యులును ఒప్పుకొనలేదు. వసూలైన పైకము జమాలో నిలిచిపోయెను! దానిని సాంకేతిక విద్యకు వినియోగించుకొనవచ్చునని స్థానిక సభలకు ఇచ్చివేసిరి. "విస్కీ డబ్బు" అని దానికి పేరు వచ్చెను. ఒక పద్దున వసూలుచేసి మరొక పద్దున ఖర్చుపెట్టుట మా వృత్తిలో దోషమే యైనను, ఇంత మేలైన దోషమును నే నెన్నడు చూడలేదు. లండనులో పాలిటెక్నిక్కులు పెక్కు వెలసి పెరిగినవి. ఫిన్స్‌బరీ చేసిన పని పదిచోట్ల జరుగజొచ్చెను.

అదియే ఫిన్స్‌బరీకి చేటయ్యెను. అదే సంస్థ దక్షిణ కెన్సింగ్టనులో పెట్టిన పై కళాశాల, ఎయిర్టన్ పోయిన చోటు, గొప్పభవనముతో వర్ధిల్లి, పిమ్మట ఇంపీరియల్ కళాశాలలో నొక భాగమయ్యెను. నేలమాళిగలో పుట్టిన తోబుట్టువు 1926లో మూతపడెను. ఉన్నతవిద్య నొకదానిని పోషించుటకు క్రింది విద్యను బలియిచ్చిరని నేననను. పోషింపవలసిన చేతులు రెంటికిని ఒక్కటియే యైనప్పుడు తగ్గు వంతు దేనిది యగునో అట్లే జరిగినది. ఆ నలుబది యేడేండ్లలో ఆ మెట్లు దిగినవారిలో నొకడైన రాబర్ట్ పాల్ విద్యుత్ కొలత పరికరములను చేయువాడై, 1896లో ఇంగ్లండున చలనచిత్రములను ప్రదర్శించిన తొలివారిలో నొకడయ్యెను. పేరు తెలియని తక్కినవారు కేంద్రములలో డైనమోలను నడిపిరి, వీథులలో తీగెలు లాగిరి.

థామ్సన్ వ్రాసిన ఆ చిన్న గణిత పుస్తకము నేటికిని ముద్రణలో నున్నది. మన గ్రంథాలయపు బీరువాలలో లేదు. పట్టికను రెండుమార్లు చూచితిని. కార్యదర్శిగారు కొనుటకు సమ్మతించినచో, దానిలోని తొలి అధ్యాయములను మన డిప్లొమా పిల్లలతో కూర్చుండి చదువుటకు శనివారపు సాయంకాలములు నాకు తీరికయే.