ఆ గరగర ఎవరిది?

చలికాలంలో చెరువులు గడ్డకట్టి, వాటి మీద కార్లు నడిచే రాష్ట్రం మిన్నెసోటా. పసిఫిక్ తీరం అక్కణ్నించి వెయ్యి మైళ్ల పైమాటే. అక్కడి మినియాపొలిస్‌లో నలుగురు కుర్రాళ్లు సముద్రపు అలల ఆట చుట్టూ అల్లుకున్న సర్ఫ్ సంగీతం మోజులో పడ్డారు. టోనీ ఆండ్రియాసన్, డాల్ విన్‌స్లో గిటార్లు, బాబ్ రీడ్ బేస్, స్టీవ్ వారర్ డ్రమ్స్. బ్యాండు పేరు ట్రాష్‌మెన్.

1963. డ్యాన్స్ హాల్లో జనం ఊగిపోతున్నారు. తాము విన్న ఓ పాట అందుకుందామన్నారు కుర్రాళ్లు. ఎవరు పాడాలి? నేను పాడతానన్నాడు డ్రమ్మర్ వారర్. కర్రలు ఆడుతున్నాయి, గొంతు ఒకే మాటను పట్టుకుని పరుగెడుతోంది. పాట సగానికొచ్చింది. ఉన్నట్టుండి వాద్యాలన్నీ ఆగిపోయాయి. మిగిలింది వారర్ గొంతొక్కటే. ముద్ద అడ్డంపడ్డవాడిలా గరగర, బుడబుడ, ఉక్కిరిబిక్కిరి! రిహార్సల్లో లేని ముక్క అది. అప్పటికప్పుడు పుట్టింది. మళ్లీ డ్రమ్స్ అందుకునేసరికి హాలు దద్దరిల్లింది.

అక్కడే ఉన్న రేడియో జాకీ బిల్ డీల్ దీన్ని రికార్డు చేయాల్సిందేనని పట్టుబట్టాడు. స్థానిక కే బ్యాంక్ స్టూడియోలో రికార్డింగ్. గారెట్ అనే చిన్న కంపెనీ విడుదల. రచన: స్టీవ్ వారర్. పాట పేరు ‘సర్ఫిన్ బర్డ్’.

చిక్కు అక్కడే వచ్చింది. లాస్ ఏంజెలెస్ నల్లజాతి గాయక బృందం రివింగ్టన్స్ పాడిన రెండు పాటల కలబోత ఇది. లాయర్లు రంగంలోకి దిగారు. లేబుల్ మీద వారర్ పేరు పోయి, రివింగ్టన్స్ నలుగురి పేర్లు వచ్చాయి. ఎవరి సొత్తు వాళ్లకు చేరింది. తప్పేముంది?

1964 ఆరంభంలో పాట బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి ఎక్కింది. ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ టీవీ షోలో వారర్ ఒక్కడే కనిపించాడు. అంతలోనే బీటిల్స్ హోరు మొదలైంది. ఆ స్థాయి హిట్ ట్రాష్‌మెన్‌కు మళ్లీ దక్కలేదు.

పాట మాత్రం చావలేదు. 1977లో రమోన్స్ బ్యాండు పాడింది. 1987లో కుబ్రిక్ తన యుద్ధ చిత్రం ‘ఫుల్ మెటల్ జాకెట్’లో వాడుకున్నాడు. 1989లో గొంతు క్యాన్సర్‌తో వారర్ కన్నుమూశాడు. 2010 క్రిస్మస్‌కు బ్రిటన్ పట్టికలో ట్రాష్‌మెన్ పాత రికార్డుకే 3వ స్థానం!

పాట రివింగ్టన్స్‌దే, సందేహం లేదు. కానీ ఈ రికార్డును నిలబెట్టింది మధ్యలోని ఆ గరగర. న్యాయంగా అయితే ఆ నాలుగు పేర్ల పక్కన అయిదోది కూడా ఉండాలి.